నేల తాగిన నీళ్లు

అమెరికాలోని మొజావీ ఎడారి సైనిక శిబిరంలో మనిషికి రోజుకి ఒక్క సీసా నీళ్లు. తాగడానికీ, గడ్డం గీసుకోవడానికీ అదే. ఆఫ్రికా యుద్ధంలో అలాగే ఉంటుందట, ఒంటికి ఇప్పుడే అలవాటు చేయాలట. నీళ్ల లారీ తోలే కార్పొరల్ ఎజెల్ టార్వర్ దానికి సర్దుకున్నాడు. డబ్బా మాంసంలో ఇసుక కరకరలాడినా, పొద్దున్నే బూట్లలోంచి తేళ్లు దులపాల్సి వచ్చినా నోరెత్తలేదు. కెప్టెన్ హాలొరన్‌తోనే అతనికి పడేది కాదు.

మంగళవారం లారీ నిండా నీళ్లతో వచ్చి ఆపాడో లేదో, కెప్టెన్ ఎదురొచ్చాడు.

"టార్వర్, ఆ నీళ్లన్నీ కవాతు మైదానంలో చల్లెయ్. మధ్యాహ్నం జనరల్ గారొస్తున్నారు. దుమ్ము లేవకూడదు."

"సార్, ఈరోజుకి శిబిరానికి ఇవే నీళ్లు. మూడో ప్లటూను కుర్రాళ్లు ఎండలో శిక్షణ నడకకి పోయారు. వాళ్లొచ్చేసరికి..."

"నిన్ను సలహా అడిగానా? మీ నల్లోళ్ల చేతికిచ్చింది స్టీరింగు, పెత్తనం కాదు."

పక్క సీట్లోంచి తోటి నల్ల సిపాయి లూథర్ మోచేత్తో పొడిచాడు. "ఊరుకోరా బాబూ! చల్లేసి పోదాం పద."

చల్లారు. ఎజెల్ పళ్లు బిగబట్టి చూస్తుండగానే ఇసుక గుటకలేసినట్టు తాగేసింది.

పదకొండు దాటాక ప్లటూను తూలుకుంటూ తిరిగొచ్చింది. ప్రూయిట్ అనే తెల్ల సిపాయిని ఇద్దరు మోసుకొచ్చారు. ఎజెల్ ఎదురుపడితే ముక్కు మూసుకుని ఎగతాళి చేసేవాడతను. ఇప్పుడు పెదాలు పగిలి, చెమట కూడా ఆగిపోయి, పొయ్యిలా కాలిపోతున్నాడు. సార్జెంటు పరుగున వచ్చి లారీ కుళాయి తిప్పాడు. నాలుగు చుక్కలు రాలాయి.

"నీళ్లేవిరా?" అని గర్జించాడు.

ఎజెల్ మైదానం వైపు చెయ్యి చూపించాడు. ఎజెల్, లూథర్ తమ సీసాలు రెండూ ప్రూయిట్ తలమీద గుమ్మరించారు. వైద్యుడు చూసి, "ఇవి చాలవు, ఇంకా కావాలి," అన్నాడు.

ఎజెల్ నేరుగా కెప్టెన్ డేరాలోకి నడిచాడు. కెప్టెన్ నడుం వరకూ బట్టల్లేకుండా, నిండు తొట్టి ముందు సబ్బు నురగ పూసుకుంటున్నాడు.

"ఎవడు నిన్ను రమ్మన్నాడు?"

"ఎవరూ పిలవలేదు సార్. అక్కడ మనిషి చచ్చిపోతుంటే మీకు స్నానమా? ఈ తొట్టి తీసుకుపోతున్నా. అడ్డమొస్తే మీమీదే బోర్లిస్తా."

కెప్టెన్ నురగ మొహంతో నిలబడిపోయాడు. ఎజెల్ తొట్టెత్తి మోసుకుపోయాడు.

ప్రూయిట్ బతికాడు. మర్నాడు రైల్లో పెద్ద ఆసుపత్రికి పంపేశారు. కృతజ్ఞతలేవీ చెప్పలేదు, ఎజెల్ ఆశించనూ లేదు.

ఆ మంగళవారమే జనరల్ వెళ్లిపోయాక, సాయంత్రం అందరి ఎదుటా ఎజెల్ చేతిమీది కార్పొరల్ హోదా చారలు పీకేశారు. నెలరోజులు మరుగుదొడ్ల గుంతలు తవ్వమన్నారు.

"చెప్తే విన్నావా?" అన్నాడు లూథర్, గుంత గట్టున కూర్చుని.

"వినను. రేపు మళ్లీ ఎవడైనా అలా పడిపోతే ఆ తొట్టే ఎత్తుకొస్తాను. నువ్వు పోరా, నన్ను తవ్వుకోనీ!"

అతను పలుగెత్తి, రాయి పగిలేలా పొడిచాడు.