గట్టు ఒకే వేళకి తిరగొద్దు

నేను ఒక అనుమానపు పక్షిని. రెక్కలు లేవు, ముక్కు లేదు, ఉన్నదల్లా నాలుగు వరసలు. కంప్యూటరు లోపల ఓ మూల చిన్న ఫైలునై కూర్చుని ఉంటాను. సెట్టింగుల ఫైలంటారు నన్ను. మనుషులు పుట్టగానే కేరుమంటారట, నేను పుట్టగానే "నిజమేనా?" అన్నాను. నమ్మకపోతే మానండి, నమ్మకపోవడమే నా వృత్తి కూడా.

నన్ను పుట్టించింది వకుళ అనే అమ్మాయి. తణుకులో ఎరువుల దుకాణం పైన మేడ మీద పదకొండు మంది పనిచేసే కంపెనీలో ఉద్యోగం ఆమెది. నల్లగట్టు కాలువకి నీళ్ళ వంతులు వేసే ప్రోగ్రాము రాసే పని వాళ్ళకి దొరికింది. ఆ కాలువకి పంతొమ్మిది తూములు. ఏ తూము ఎన్ని గంటలు తెరవాలో వారానికోసారి లెక్క తేల్చి లస్కరు ఫోనుకి పంపాలి. లస్కరంటే ఎవరో కాదు, గట్టు మీద తిరుగుతూ తూముల తలుపులు ఎత్తేవాడు, దించేవాడు, నీళ్ళు రాకపోతే ఊరందరి తిట్లూ తినేవాడు. పై తూముల రైతులకి దిగులు లేదు. అందరికంటే ఆఖరున, శివారున, పంతొమ్మిదో తూము కింద మూడువందల ఎకరాలున్నాయి. కాలువ అక్కడికి చేరేసరికి ముసలాడి గొంతులా సన్నగిల్లిపోతుంది.

వకుళ రూబీ అనే భాషలో ప్రోగ్రాము రాసింది. రాసి, నమ్మలేదు. ఆ పిల్లలో నాకు నచ్చిన గుణం అదే. మామూలుగా వీళ్ళు తమకి జవాబు తెలిసిన నాలుగు లెక్కలే ప్రోగ్రాముని అడిగి, అది సరిగ్గా చెప్పగానే తమ వీపు తామే తట్టుకుంటారు. పెళ్ళిచూపుల్లో పిల్లకి వచ్చిన ఒక్క పాటే పాడమన్నట్టు. వకుళ అలా చెయ్యలేదు. ఒక ధర్మం రాసిపెట్టింది: తూములెన్నైనా ఉండనీ, వాటిలో ఏది రిపేరులో ఉండనీ, ఆఖరి తూముకి దాని వాటా నీళ్ళు అంది తీరాలి. ఆ ధర్మం నిలబడుతుందో లేదో చూడ్డానికి ఒక లైబ్రరీ తెచ్చి పెట్టింది. లైబ్రరీ అంటే పుస్తకాలు కావు, ముందే ఎవరో రాసిపెట్టిన సరంజామా. అది ఇష్టమొచ్చినట్టు కాలువలు కల్పించి ప్రోగ్రాము మీదికి విసురుతుంది. ఒక్క తూము కాలువ, నూరు తూముల కాలువ... ఒకసారి నాలుగువేల తూముల కాలువని కల్పించింది, నా కళ్ళారా చూశాను. హిమాలయాల్లో కాళ్ళు కడుక్కుని రామేశ్వరంలో మొహం కడుక్కోవచ్చు, అంత కాలువ! పాపం ప్రోగ్రాము దానికీ వంతులు వేసింది. ఆ ఆయాసానికి కంప్యూటరు ఫ్యాను తిరిగిన తిరుగుడికి కింద దుకాణంలో రెండు యూరియా బస్తాలు రోడ్డు దాటి అవతల పడ్డాయి. అబద్ధమైతే ఆ బస్తాలనే అడగండి.

ఆ సరంజామా ఎంత అనుమానించాలో చెప్పేది నేను. నా మొదటి వరస, ఎన్ని ప్రశ్నలు అడగాలన్నది. నూరు. రెండో వరస సీడ్ నంబరు. ఆ నంబరుని బట్టే ఆ నూరు ప్రశ్నలూ పుడతాయి. ఖాళీగా వదిలేస్తే నడిపిన ప్రతిసారీ కొత్త నంబరు, కొత్త ప్రశ్నలు. ఒక నంబరు రాసిపెడితే మాత్రం వెయ్యిసార్లు నడిపినా అవే ప్రశ్నలు, అదే వరసలో. దొరికిన తప్పుని మళ్ళీ రప్పించి చూసుకోడానికి ఇచ్చిన సదుపాయం అది. వకుళ ఖాళీగానే వదిలింది. మూడోది కుదింపు. నాలుగువేల తూముల కాలువలో తప్పు దొరికితే ఏ కళ్ళతో చూస్తారు? అందుకని ఒక్కొక్క తూమే తీసేస్తూ, తప్పు ఇంకా పోకుండా ఎంత చిన్న కాలువ మిగులుతుందో అక్కడిదాకా కుదిస్తుంది. ఊరంతా వెతికి దొంగని ఒక్కణ్ణి గుంజకి కట్టినట్టన్నమాట. నాలుగో వరస, దొరికిన సంగతి గొణగాలా, అరవాలా అన్నది. అరవమంది వకుళ.

ఇంత చేసి ఆమె విశాఖపట్నంలో వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ తన పక్క సీటు ఇమ్మానియేలుకి నన్ను అప్పగించి, "దీని అనుమానాన్ని ఎక్కువ చేస్తే చెయ్యి గానీ తక్కువ చెయ్యకు" అంది.

ఇమ్మానియేలు మంచివాడు. కష్టపడతాడు. ఒక్కటే లోపం, వెనకాల మేనేజరు కోదండపాణి నిలబడితే తొందరపడి చేతికందిన మీట నొక్కేస్తాడు. అప్పగించిన వారానికే పరీక్షలో ఎర్రగుర్తు పడింది. నేను సంబరపడ్డాను, ఏదో దొరికింది! కుదించడం మొదలైంది. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు.

"ఇంకా ఎంతసేపయ్యా?" అన్నాడు కోదండపాణి వెనకనుంచి.

ఇమ్మానియేలు కంగారుపడి నా మూడో వరసలో సున్న పెట్టేశాడు. కుదింపు ఆగింది. మిగిలింది పదిహేనువందల తూముల జాబితా. పైకీ కిందికీ తిప్పి చూశాడు, కళ్ళు నొప్పెట్టాయి తప్ప ఏమీ కనపడలేదు. మళ్ళీ నడిపాడు. పచ్చగుర్తు! ఈసారి ప్రశ్నలు వేరు మరి. ఇంకో పది రోజులకి మళ్ళీ ఎరుపు, మళ్ళీ నడిపితే మళ్ళీ పచ్చ.

"ఏంటయ్యా ఇది? టిఫినుకి వెళ్ళేటప్పుడు ఎరుపు, వచ్చేసరికి పచ్చ!"

"మన ప్రోగ్రాము బానే ఉంది సార్. ఈ టెస్టింగు టూలుకే కొంచెం తిక్క."

"తిక్కకి మందు లేదా?"

"ఉంది సార్."

ఆ మందు నా నోట్లోనే పోశాడు. పచ్చగుర్తు వచ్చినప్పుడు ఏ నంబరు పడిందో చూసి, 4417, దాన్ని తెచ్చి నా రెండో వరసలో రాసేశాడు. మనుషుల్ని చూస్తే జాలేస్తుంది. తప్పు దొరికినప్పుడు దాచుకోవలసిన నంబరుని, తప్పు దొరకనప్పుడు దాచుకున్నారు.

ఒక ఊళ్ళో ఒక పంతులు రోజూ పిల్లల్ని ఏడెనిమిదులెంతని ఒక్కటే అడిగేవాడట. పిల్లలూ ఏకకంఠంతో యాభయ్యారు అనేవారట. ఓనాడు ఇనస్పెక్టరు వచ్చి, "నీ పేరేంట్రా?" అంటే, ఒకడు లేచి "యాభయ్యారండీ!" అన్నాడట. పంతులు మురిసిపోయి ఆనందబాష్పాలు తుడుచుకున్నాడట. నా పరిస్థితి అలాగయింది. రోజూ అవే నూరు కాలువలు, రోజూ అవే నూరు జవాబులు. పద్దెనిమిది రోజులు వరసగా పచ్చ. కోదండపాణి ఆ పచ్చగుర్తుకి ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టుకున్నాడు. నాకు మాత్రం గొంతులో వెలక్కాయ పడ్డట్టుంది. అరవమని రాసి ఉంది నాలో, అరవడానికే ఏమీ దొరకదు.

సోమవారం కాలువకి నీళ్ళు వదులుతారనగా, శనివారం ఉదయం లస్కరు పోలయ్య ఆఫీసుకి వచ్చాడు, ఫోను నొక్కడం నేర్చుకోడానికి. ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా ఆ గట్టు మీద ఉన్న మనిషి. చెప్పులు మెట్లమీదే విడిచి లోపలికి వచ్చాడు.

"రా పోలయ్యా, కూర్చో," అన్నాడు కోదండపాణి. "ఇంక నీకు వంతుల చీటీల గొడవ లేదు. ఫోను ఏం చెబితే అది చెయ్యడమే."

"అలాగేనండి. మరి శివారుకి నీళ్ళు రాకపోతే తన్నులు ఫోనుకాండీ, నాకాండీ?"

ఆఫీసంతా నవ్వింది. పోలయ్య నవ్వలేదు.

"ఎందుకు రావయ్యా! రోజూ నూరు రకాలుగా పరీక్షిస్తున్నాం. ఇటు చూడు, అంతా పచ్చ."

పోలయ్య సంతలో గొడ్డు పళ్ళు చూసినట్టు ఆ స్క్రీను వంక చూశాడు. "పచ్చగానే ఉందండి. పోయినేడు కాయితం మీదా పచ్చగానే ఉంది, నారుమళ్ళే ఎండిపోయాయి. పంతొమ్మిది కింద ఆడోళ్ళు వచ్చి నా గుమ్మంలో ఖాళీ కుండలు బద్దలు కొట్టారండి. ఈ ఏడూ నారు పోయిందంటే నేనింక ఆ గట్టెక్కలేను." ఇమ్మానియేలు వైపు తిరిగాడు. "ఆ నూరు రకాలూ రోజూ కొత్తవా బాబూ, రోజూ అవేనా?"

ఇమ్మానియేలు స్క్రీను వైపు తిరిగి కీబోర్డు సర్దుకున్నాడు.

"చెప్పవయ్యా," అన్నాడు కోదండపాణి.

"అవే సార్."

"అవే అయితే ఏం? నూరు నూరేగా!"

"అలాక్కాదండి," అన్నాడు పోలయ్య. "మేం గట్టు ఒకే వేళకి తిరగమండి. ఓరోజు తెల్లారగట్ల, ఓరోజు మిట్టమధ్యాన్నం, ఓరోజు ఈ చివర్నించి, ఓరోజు ఆ చివర్నించి. రోజూ ఎనిమిదింటికే వెళ్ళాననుకోండి, ఎనిమిదింటికి తలుపులన్నీ బుద్ధిగానే దిగి ఉంటాయి. తొమ్మిదింటికి లేస్తాయి. లస్కరు టైము తెలిశాక నీళ్ళ దొంగకి ఇంక తాళం చెవి ఎందుకండీ?"

ఇన్నాళ్ళూ నేను చెప్పాలనుకుని నోరులేక చెప్పలేనిది ఆ మనిషి నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. నాకు చేతులుంటే ఆయనకి దణ్ణం పెట్టేదాన్ని. ఇమ్మానియేలు చెవులు ఎర్రబడ్డాయి.

"సార్, ఒక్క పావుగంట ఇవ్వండి," అన్నాడు. ఈసారి వెనకాల మేనేజరు నిలబడి ఉన్నా తొందరపడలేదు.

నన్ను తెరిచాడు. 4417 తుడిచేసి రెండో వరస ఖాళీ చేశాడు. కుదింపు మళ్ళీ పెట్టాడు. మొదటి వరసలో నూరు తీసి పదివేలు రాశాడు. పదివేల అనుమానాలు! నా జన్మలో నాకంత మర్యాద ఎన్నడూ జరగలేదు.

పరీక్ష నడిచింది. వెయ్యి పచ్చ. పదిహేనువందలు పచ్చ. "చూశావా!" అన్నాడు కోదండపాణి. పంతొమ్మిదివందల నలభయ్యో కాలువ దగ్గర ఎరుపు.

కుదింపు మొదలైంది. ఎనిమిదివందల పన్నెండు తూములు. నాలుగువందలు. అరవై. తొమ్మిది. మూడు. అక్కడ కాస్త నిలబడి, ఇంకొకటి రాలిపోయింది. స్క్రీను మీద మిగిలింది ఇమ్మానియేలు పైకి చదివాడు.

"తూములు రెండు. మొదటిది రిపేరు. రెండోదానికి నీళ్ళు సున్న గంటలు."

చదివిన తర్వాత ప్రోగ్రాములోకి వెళ్ళి చూసి, తల పట్టుకున్నాడు. "రిపేరులో ఉన్న తూముని జాబితాలోంచి తీసేటప్పుడు దాని పక్కదాన్ని కూడా దాటేసి వెళ్ళిపోతోంది సార్. అలా దాటేసింది మధ్యలోదైతే తర్వాతి తూముల లెక్కలో సర్దుకుంటోంది. ఆఖరిదైతే దాని తర్వాత సర్దేవాళ్ళు లేరు."

"ఆఖరుకి ముందుదే రిపేరు కావాలి. అదెప్పుడో వెయ్యికి ఒకసారిలే!" అన్నాడు కోదండపాణి తేలిగ్గా, నుదురు మాత్రం తుడుచుకుంటూ.

పోలయ్య మెల్లిగా కుర్చీలోంచి లేచాడు.

"పద్దెనిమిదో తూము తలుపు తుప్పుపట్టి కిందికి ఊడిందండి. అడ్డంగా ఇసకబస్తాలు వేశాం. సోమారం విప్పి షెడ్డుకి తీసుకెళ్తున్నారు. నీళ్ళు వదిలేదీ సోమారమే కదండీ?"

కోదండపాణి తన ఫోను తీసి ఆ పచ్చగుర్తు ఫోటోని తీసేయడం నేను చూశాను. చూడనట్టు ఊరుకున్నాను.

భోజనాల వేళకి ఇమ్మానియేలు తప్పు సరిదిద్దాడు. అన్నం మానేసి అయిదుసార్లు పరీక్ష నడిపాడు. అయిదు కొత్త నంబర్లు, అయిదు పదివేలు, ఒక్క ఎరుపు లేదు. పోలయ్య ఆ అయిదుసార్లూ కూర్చునే ఉన్నాడు.

సోమవారం ఫోను పంతొమ్మిదో తూముకి పదకొండు గంటలని చెప్పింది. మంగళవారం పొద్దున్నే పోలయ్య దగ్గర్నించి ఇమ్మానియేలుకి ఫోను వచ్చింది.

"నీళ్ళొచ్చాయా బాబాయ్?"

"ఫోనైతే వచ్చాయనే చెప్పింది బాబూ. దాని మాటేంటని కాలవలోకి దిగాను. నా కాలు కూడా చెప్పాలి కదా."

"ఏం చెప్పింది?"

"మోకాలిదాకా చెప్పింది."

ఆ రోజే ఇమ్మానియేలు నా రెండో వరస పక్కన ఒక మాట రాశాడు. 'ఇక్కడ నంబరు పెట్టొద్దు. గట్టు ఒకే వేళకి తిరగొద్దు.' కంప్యూటరు పట్టించుకోని, మనుషులకి మాత్రమే రాసే మాట అది.

తర్వాత ఏడేళ్ళు బతికాను. ఇమ్మానియేలు మేనేజరై వేరే ఊరు వెళ్ళాడు. వచ్చినవాళ్ళల్లా నన్ను తెరిచి ఆ మాట దగ్గర ఆగేవాళ్ళు. "ఈ గట్టేంటి? ఎవరు తిరిగేది?" అని ఒకరు, "ఏమో, తీసేస్తే ఏం కూలుతుందో, ఉండనీ" అని ఇంకొకరు. అర్థమై కాదు, అనుమానంవల్ల ఉంచారు. ఏ కారణానికైతేనేం, ఏడేళ్ళూ ఆ వరస ఖాళీగానే ఉంది, ఏడేళ్ళూ శివారుకి నీళ్ళందాయి.

ఇప్పుడు నన్నెవరూ నడపడం లేదు. కొత్త ప్రోగ్రాము కొన్నారు, నన్ను పాత ఫైళ్ళతో కట్టకట్టి అటకమీదికి నెట్టారు. కంప్యూటర్లకీ అటకలుంటాయి లెండి. అక్కడికీ కబుర్లు వస్తుంటాయి. కొత్త ప్రోగ్రాము చాలా మంచిదట, పెట్టిన్నాటినుంచీ పరీక్షలన్నీ పచ్చేనట, ఒక్కసారైనా ఎర్రబడలేదట. పోలయ్య రిటైరయ్యాడట. ఆయన స్థానంలో వచ్చిన కొత్త లస్కరు గడియారం చూసినట్టు రోజూ సరిగ్గా ఎనిమిదింటికే గట్టెక్కుతాడట. ఎంత క్రమశిక్షణ గల మనిషో అని ఊరంతా మెచ్చుకుంటోందట.