గిన్నె పొంగేదాకా

భర్త చక్రధర్ పోయాక దేదీప్య ఏడవలేదు. ఆస్పత్రిలో ఏడవలేదు, ఫ్యునరల్ హోమ్‌లో ఏడవలేదు, ఏడాది కావస్తున్నా ఏడవలేదు. అమెరికాలో, శాంటా క్లారాలో ఆమె ధ్యానానికి వెళ్ళే జెన్ బౌద్ధుల సెంటర్ వాళ్ళు దీన్ని సాధన అనుకున్నారు.

గోడకు ముఖం పెట్టి కూర్చుంటే ఆమె కదలదు. పక్కవాళ్ళు దగ్గుతారు, కాళ్ళు సర్దుకుంటారు. ఆమె కదలదు. గురువు హెలెన్ ఒకరోజు అందరి ముందూ ఆమెను చూపించి, కొండలా కూర్చోవడమంటే ఇదీ అంది. లోపల కొండా లేదు, గుట్టా లేదు. డెంటిస్టు ఇంజెక్షన్ ఇచ్చాక దవడ ఎలా ఉంటుందో, మనిషంతా అలా ఉంది. ఆ మాట చెప్పేలోపే హెలెన్ ఆమెకు దీక్ష ఇస్తానని ప్రకటించేసింది.

దీక్ష తీసుకునేవాళ్ళు మెడలో వేసుకునే చిన్న నల్లటి వస్త్రాన్ని ఎవరిది వాళ్ళే చేత్తో కుట్టుకోవాలి. ప్రతి కుట్టుకీ మనసులో బుద్ధుణ్ణి శరణు వేడాలి. ఆఫీస్ నుంచి వచ్చాక దేదీప్యకు అదే పని. ఆ ఏడాదిలో ఆమె మొదలుపెట్టి పూర్తిచేసింది అదొక్కటే.

దీక్ష ఆదివారం పొద్దున. సరిగ్గా అదే పూటకి అత్తగారు మీనాక్షి ఇంకోటి కుదిర్చింది.

కొడుకు పోయినప్పటినుంచీ ఆవిడ కోడలి దగ్గరే ఉంటోంది. పక్కింటి శ్రీలంక ఆవిడతో బౌద్ధ విహారానికి వెళ్ళడం అలవాటైంది. సంవత్సరీకం హైదరాబాద్‌లో చిన్నకొడుకు పెడుతున్నాడు. అందులో తల్లి చేతికిగానీ పెళ్ళాం చేతికిగానీ పనిలేదు.

"విహారంలో అలా కాదమ్మా," అంది మీనాక్షి. "భిక్షువులకు భోజనం పెట్టి, ఆ పుణ్యం చక్రికి చేరాలని గిన్నెలో నీళ్ళు పోస్తారు, పొంగి పళ్ళెంలో పడేదాకా. ఆడవాళ్ళూ పోయొచ్చు. కూజా మనిద్దరం కలిసి పట్టుకోవాలి."

"ఆదివారం నాకు దీక్ష, అత్తయ్యా."

"అదీ బుద్ధుడిదే, ఇదీ బుద్ధుడిదే. ఆయనకీ ఆయనకీ ముహూర్తం కుదర్లేదా?"

మర్నాడు దేదీప్య హెలెన్‌ని కలిసింది. హెలెన్ మంచి మనిషి. విహారాల గురించీ, టిబెట్ లామాల గురించీ, నామజపం చేసే గుడుల గురించీ ఎప్పుడూ గౌరవంగానే మాట్లాడుతుంది. మూడు చక్రాల సైకిల్ తొక్కే పిల్లల గురించి పెద్దవాళ్ళు మాట్లాడే గౌరవం అది.

"అవన్నీ మంచి దారులే," అంది హెలెన్. "కొందరికి పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి. నీకు అక్కర్లేదు. నువ్వు అవన్నీ దాటిపోయావు."

"రోజూ పారాయణం అయ్యాక మనమూ పుణ్యాన్ని అందరికీ ధారపోస్తాం కదా?"

"పోస్తాం. పట్టుకుని వేలాడం."

ఈసారి తప్పితే దీక్ష మళ్ళీ వచ్చే ఏడాదేనని కూడా చెప్పింది. దేదీప్యకు కోపం రాలేదు. వచ్చి కార్‌లో కూర్చుంది. దాటిపోయానట. ఎక్కడికి? మొద్దుబారిన మనిషిని చూసి వీళ్ళు ముక్తి పొందిన మనిషి అనుకుంటున్నారు. ఆదివారం ఆ వస్త్రం మెడలో పడితే ఇక తనూ అలాగే అనుకోవాలి, బతికినంతకాలం.

ఆదివారం పొద్దున హెలెన్‌కి మెసేజ్ పెట్టింది: 'నేను దేన్నీ దాటలేదు. రావడం లేదు.' ఫోన్ ఆఫ్ చేసి, అత్తగారిని ఎక్కించుకుని విహారానికి డ్రైవ్ చేసింది.

విహారమంటే పెంకుల కప్పున్న మామూలు ఇల్లు. చెప్పులు గరాజ్‌లో వదలాలి. పెద్ద భిక్షువు ఆమెను పలకరించి, జెన్ అని తెలిశాక తల ఊపాడు. "బాగా కూర్చుంటారు. మాలాగా రాత్రి భోజనమే మానలేరు, పాపం."

ఇక్కడా అంతే అనుకుంది దేదీప్య.

మంత్రం మొదలైంది. ఇద్దరూ కూజా పట్టుకుని వంచారు. గిన్నె నిండింది. లోపల ఏదో ఒకటి తెగుతుందని దేదీప్య కాచుకుని కూర్చుంది. ఏదీ తెగలేదు. నీళ్ళు పొంగి పళ్ళెంలో పడ్డాయి. మీనాక్షి భోరుమని ఏడుస్తూ చెయ్యి వదిలేసింది. బరువంతా దేదీప్య చేతిమీద పడింది. ఆమె వదల్లేదు. మంత్రం ఆగేదాకా పోసింది.

భోజనాల దగ్గర మీనాక్షి అడిగింది. "నీకేమైనా అనిపించిందా?"

"లేదత్తయ్యా. ఇవాళే కాదు, ఏడాదినుంచీ ఏమీ అనిపించట్లేదు."

ఆ మాట ఆమె ఒకరితో అనడం అదే మొదలు.

"తెలుసులే," అంది మీనాక్షి. కళ్ళు తుడుచుకుని, కోడలి పళ్ళెంలో ఇంకో గరిటెడు అన్నం వేసింది.

దేదీప్య కలుపుకుంది.