ద్వీపము లేని తీర్మానము

శరదాగమమున ధౌతమై మెఱయు నీలాంబరము క్రింద తరంగహస్తములతో దరి నొరయుచున్న మహోదధికి నభిముఖమై గుట్టపై విరాజిల్లు విశ్వవిద్యాలయ సభామందిరమున నా యుదయము భూగోళమంతయు నొక కుర్చీల వరుసలో నొదిగి కూర్చుండెను. నిన్నటివఱకు వసతిగృహమున ఉప్మాకై త్రోసికొన్న విద్యార్థులే నేడు టైలు బిగించుకొని కుచ్చిళ్లు సవరించుకొని యొక్కొక్క రాజ్యమునకు రాయబారులై యొండొరులను మాన్య ప్రతినిధీ యని సంబోధించుకొనుచుండిరి. మాదిరి అంతర్జాతీయ మహాసభ యన నిదియే. ఇందు యుద్ధములును సంధులును భోజనవేళకు ముందే ముగియవలెను.

అర్థశాస్త్ర విద్యార్థినియైన సింధూరకు లభించినది సముద్రము పొంగుటచే దినదినము మునుగుచున్న యొక చిన్ని ద్వీపదేశము. దానిని గూర్చి చదివి చదివి యామె దానిని నిజముగనే ప్రేమించెను. నిరాశ్రయులగు ద్వీపవాసులకు పెద్దరాజ్యములు గడువులోపల నివాసభూమి నొసంగి తీరవలెనని యామె తీర్మానము రచించెను. అది నెగ్గినచో ఉత్తమ ప్రతినిధి బహుమానము తనదే యని గంపెడాశ పెట్టుకొనెను. ఒక్కరు కాదన్నను తీర్మానము వీగిపోవుట యా సభా నియమము.

విరామవేళల ప్రతినిధులు వరండాలో తేనీరు త్రాగుచు ఓట్లకై బేరమాడుకొనుట యిట్టి సభలయందాచారము. చమురుదేశ ప్రతినిధియైన భానోజీ ఒసంగి తీరవలెనను నిర్బంధము తీసివేసిన ఓటిత్తుననెను. ఆమె తీసివేసెను. యంత్రాగారములతో నిండిన దేశమునకు ప్రతినిధియైన కుందన గడువు వలదనెను. అదియును పోయెను. ద్వీపములకు మాత్రమే యేల సకలదేశములకును వర్తింపనిమ్మని మఱికొందఱనిరి. ఓట్లు కూడుచున్నవను నుత్సాహమున సింధూర యందఱకును తలయూచెను. వినాయకుని చేయబోయి కోతిని చేయుట యనగా నిదియే.

అధ్యక్షురాలు ఝాన్సీ సవరించిన తీర్మానమును గంభీరస్వరమున చదువ సభ కరతాళధ్వనుల మార్మ్రోగెను. సింధూర వినుకొలది తెల్లబోయెను. అందు సహకారముండెను, సౌహార్దముండెను, మునుగుచున్న జనులు మాత్రము లేరు. దేశములన్నియు వరుసగా అనుకూలమనిరి. కట్టకడపట ద్వీపదేశము వంతు వచ్చెను. బహుమానము చేతికందు దూరమున నుండెను. ఆమె లేచి నిలిచెను.

"వ్యతిరేకము" అనెను.

ప్రక్కనున్న భానోజీ గతుక్కుమని "ఏటే సింధూరా, నువ్వు రాసిందానికి నువ్వే కాదంతావేటే? మతి పోనాదేటి?" యని గుసగుసలాడెను.

"మాన్య ప్రతినిధి తమ తీర్మానమును తామే త్రోసిపుచ్చుటకు హేతువేమి?" యని ఝాన్సీ యడిగెను.

"అధ్యక్షా! ఇందెల్లరకును చోటు దొరకినది. మునుగుచున్న మాకు మాత్రము లేదు."

సభ ఘొల్లుమని నవ్వెను. పిదప నా నవ్వు తనంతట తానే యణగెను. భానోజీ లేచి పునఃపరిశీలన కోరి తన సవరణను వెనుకకు దీసికొనెను. సిగ్గుపడుచు తక్కినవారును నట్లే చేసిరి. కుందన మాత్రము గడువునకు తుదివఱకు నొప్పుకొనక మొదటి తీర్మానమును పట్టుదలతో వీగజేసెను. స్వదేశప్రయోజనమును చక్కగ కాపాడినదని న్యాయనిర్ణేతలు బహుమానము కుందనకే యిచ్చిరి. సింధూర యందఱికంటె గట్టిగా చప్పట్లు కొట్టెను. ఎల్లరను మెప్పింప గోరి తన్ను తాను తుడిచివేసికొనువాని సంధికంటె నోటమియే మేలని యామెకు నాడు తెలియవచ్చెను.

మెట్లు దిగుచు భానోజీ నవ్వుచు "బహుమతీ పోనాది, తీర్మానమూ పోనాది. ఇంకేటి మిగిలిందే నీకు?" అనెను.

"మా దేసం మిగిలిందిరా" అని సింధూర యతనికంటె బిగ్గరగా నవ్వెను.