ప్రతి స్టాపులోనూ

వారమంతా స్టీరింగు తిప్పినా బస్సు డ్రైవరుకి తనివి తీరలేదు కాబోలు, సెలవురోజుల్లో తన పాత కారుతో డ్రైవింగు నేర్పే వ్యాపారం మొదలుపెట్టాడు.

"ఉన్న ఉద్యోగానికే ఒళ్లు హూనం, మళ్లీ ఇదొకటా!" అని భార్య మూతి విరిచింది.

అయినా మొదటి శిష్యురాలు దొరికింది. సాక్షాత్తూ సొంత వదినగారే.

లైసెన్సు పరీక్షనాడు వదిన పక్కన అధికారి కూర్చున్నాడు. డ్రైవరు గేటు దగ్గర గోళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాడు. కాసేపటికి కారు తిరిగొచ్చింది. అధికారి తల పట్టుకుని దిగాడు.

"నడపడం బ్రహ్మాండంగా ఉంది. కానీ బస్టాపు కనిపిస్తే చాలు, ఆపేస్తోందేంటయ్యా?"

"ఆపకూడదా మరి?" అన్నాడు డ్రైవరు, నిజంగానే అర్థంకాక.

"నువ్వు నేర్పిందే కదయ్యా మరిదీ!" అని వదిన కస్సుమంది.

అధికారికి నవ్వాగలేదు. "పోనీలే, పాస్ చేశాను. ముందుగా ఆ వెనక సీటు సంగతి చూడు."

వెనక తలుపు తెరుచుకుంది. చేతిసంచీతో ఒక ముసలమ్మ మెల్లగా దిగి, నడుం నిమురుకుంటూ డ్రైవరుని అడిగింది.

"ఇంత మెత్తటి బస్సు నా జన్మలో ఎక్కలేదు నాయనా. రేపు కూడా ఇదే టైముకి వస్తుందా?"