వీపున కుట్టులేని కోటు

నిలువు కాలరు కోటుకు వీపు ఒకే ముక్క. మధ్యలో కుట్టు రాకూడదు. గుడ్డ వెడల్పు చాలక అతుకు వేయాల్సి వస్తే ఆ బేరమే వదిలేసేవారు మా మాస్టారు. మాస్టారంటే నా భర్త, వూ షింగ్‌గెన్. ఆయన కొట్లో గుండీలు కుట్టే పిల్లగా చేరాను. తరవాత ఆయన్నే చేసుకున్నాను. పిలుపు మాత్రం మార్చుకోలేకపోయాను.

ఆయన కోసిన చివరి కోటు గుడ్డ షాంఘై నుంచి వచ్చింది. మేము ఎప్పుడూ ఉన్ని తెచ్చుకునే మిల్లు మూతపడుతోందని కబురు వస్తే, దగ్గుతూనే ఓడెక్కి వెళ్ళారు. గోదాములో మిగిలిన తానులన్నీ తిరగేశారట. ఉన్ని కొనేముందు ఆయన అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి, ఆ గాటును బొటనవేలితో గట్టిగా రుద్దేవారు. పోగులు ఊడితే ఆ తాను పక్కకు నెట్టేవారు. ఒక ముదురు నీలం తాను మాత్రం ఎంత రుద్దినా ఒక్క పోగు రాల్చలేదు. అదే తెచ్చారు. అప్పటికి అందులో ఒక కోటుకూ ప్యాంటుకూ సరిపడే గుడ్డే మిగిలింది.

“ఎవరికండీ ఇది?” అని అడిగాను.

“చూద్దాం,” అన్నారు.

ఎవరికో నాకూ తోచలేదు. అప్పటికే మా ఊరు ఫెంగ్‌హువాలో పెళ్ళికొడుకులంతా టై కట్టుకుంటున్నారు. ఊరి చివర పెద్ద ఫ్యాక్టరీల్లో పడమటి సూట్లు బస్తాల లెక్కన తయారవుతున్నాయి. మా దగ్గరికి వచ్చేవాళ్ళు ముసలివాళ్ళు. గొంతు దగ్గర కాలరు హుక్కు పడకపోతే ఒంటి మీద గుడ్డ లేనట్టు సిగ్గుపడే మనుషులు. వాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోతూ వచ్చారు.

ఎండాకాలం చివర ఆయన దగ్గులో నెత్తురు పడింది. నింగ్‌బో పెద్దాసుపత్రికి తీసుకువెళ్తే ఊపిరితిత్తిలో గడ్డ అన్నారు. కోసే దశ దాటిపోయిందన్నారు. మాస్టారు మాత్రం డాక్టరు వేసుకున్న తెల్లకోటు భుజం కేసి చూస్తూ కూర్చున్నారు. బయటికి వచ్చాక, “చెయ్యి ఎత్తితే కోటంతా పైకి లేస్తోంది, చంక సరిగ్గా కోయలేదు,” అన్నారు.

ఆ ఏడు మా పంచాంగంలో ఎనిమిదో నెల రెండుసార్లు వచ్చింది. అధిక మాసంలో చావు బట్టలు కుట్టించి పెట్టుకుంటే ఆయుష్షు పెరుగుతుందని మా వైపు నమ్మకం. రెండో ఎనిమిదో నెల మొదలవగానే ఆయన నీలం గుడ్డను బల్ల మీద పరిచి సుద్ద తీసుకున్నారు.

పక్కింటి ఆత్సుయ్ అప్పుడే వచ్చింది. కాజాలు కుట్టేది అదే. చేతికి ఎంత పని ఉన్నా నోటికి సెలవుండదు.

“ఏం బావా, ఏ పెళ్ళికొడుక్కి కోస్తున్నావ్ ఇంత మంచి గుడ్డ?”

“నాకే.”

“మళ్ళీ పెళ్ళా! అక్కకి చెప్పావా మరి?”

“అక్కే కుడుతుంది.”

అది గుడ్డ కేసి చూసింది, నా కేసి చూసింది. సూదిలో దారం ఎక్కిస్తూ అందుకుంది.

“మా మామ కూడా ఇట్లాగే అధిక మాసంలో కుట్టించుకున్నాడు. కుట్టించుకుని ఎన్నేళ్ళున్నాడనుకున్నావ్? ఆ బట్టల పెట్టె దగ్గర ఎలుకల్ని తరమడానికే ఒక పిల్లిని పెంచాడు. ఆ పిల్లి చచ్చింది, దాని పిల్ల చచ్చింది, ముసలాడు మాత్రం చావలా. నీ కోటుకీ చిమ్మెటలు పట్టాలి బావా. ఆ చిల్లులు నువ్వే కూర్చుని రఫూ చేసుకోవాలి.”

“నువ్వు కాజాలు వంకరగా కుట్టకు, అది చాలు,” అన్నారు ఆయన. ఇద్దరూ నవ్వారు.

చావు బట్టల దారానికి ముడి వేయకూడదు. ముడి లేకుండా, మొదట రెండు కుట్లు వెనక్కి వేసి మొదలుపెట్టాను. ఆయన కోశారు, నేను కుట్టాను. కత్తెర ఒక్కసారీ గీత తప్పలేదు. కాలరు లోపలికి బియ్యపు గంజి పట్టించిన నూలుగుడ్డ పొరలు వేసి, ఇస్త్రీ కింద ఆరబెట్టి, మెడ వంపు వచ్చేలా సీసా చుట్టూ చుట్టి ఉంచాం. మొదటిసారి తొడిగినప్పుడు హుక్కు ఠక్కున పడింది. ఆయన గొంతు దగ్గర నా వేలు ఒకటి దూర్చి చూడమన్నారు. దూరింది.

“ఇట్లా ఉండాలి. గుర్తుపెట్టుకో. ఆ రోజు కూడా హుక్కు పడాలి, ఒక వేలు దూరాలి. రెండు దూరితే ఎవడి కోటులోనో పెట్టి పంపినట్టుంటుంది. అసలు దూరకపోతే ఉరి పోసినట్టుంటుంది.”

“అప్పుడు మీకు తెలుస్తుందా ఏమిటి?”

“నీకు తెలుస్తుంది కదే.”

నేను మాటిచ్చాను. ఒక మనిషికి మిగిలిన కోరిక కాలరంతే అయినప్పుడు కాదనడానికి నోరెలా వస్తుంది?

అధిక మాసం దాటింది. కోటు గోడకు వేలాడింది. ఆయన రోజూ దాన్ని చూసేవారు, మెడ తడుముకునేవారు. కొన్నాళ్ళకు, “తొడుగు,” అన్నారు. తొడిగితే రెండు వేళ్ళు దూరాయి.

“విప్పి తగ్గించు.”

“ఇప్పుడెందుకు మాస్టారూ? అన్నం తినండి ముందు.”

“కుదరని కోటు కళ్ళెదురుగా వేలాడుతుంటే అన్నం దిగదే నాకు.”

కాలరు విప్పాను. కాలరు తగ్గిస్తే కోటు మెడ కూడా తగ్గాలి కాబట్టి భుజాల కుట్లూ విప్పాను. మిగిలిన గుడ్డను లోపలికి మడిచి కుట్టబోతుంటే చూసి అరిచారు.

“ఏమిటది? మడత ఉంచుతున్నావా? దిండులా ఉబ్బి చస్తుంది. కోసెయ్.”

“ఉండనిద్దాం మాస్టారూ. రేపు కాస్త ఒళ్ళు పడితే విప్పి వదులు చెయ్యొచ్చు.”

“చావు బట్టలకు ఎదిగే మడత పెడతారటే ఎవరైనా? ఏం, చిన్నపిల్ల గౌనా ఇది?”

కోసేశాను. సన్నటి నీలం పేలిక బల్ల కింద పడింది. దాన్ని తీసి దాచుకోవాలనిపించింది. కానీ ఆయన చూస్తున్నారు. ఊడ్చేశాను.

అలా మళ్ళీ ఒకసారి, మళ్ళీ ఒకసారి. కొలత టేపు మీద అంకెలు అప్పటికి నాకు చదవడం రాదు. అందుకని ఆయన మెడ చుట్టూ తెల్లదారం తిప్పి, రెండు కొసలు కలిసిన చోట తెంపి, కిటికీ పక్క మేకుకు తగిలించేదాన్ని. ఒకదాని పక్కన ఒకటి, ప్రతిదీ ముందుదానికన్నా పొట్టి. గాలి వస్తే అన్నీ కదిలేవి. ఆయన మంచంలోంచి వాటిని చూసి, “నా ఒళ్ళంతా ఆ మేకుకే వేలాడుతోంది,” అనేవారు.

చలి ముదిరాక ఒకరోజు దారం తిప్పాను. కొసలు కలవలేదు. కిందటిసారి దారం తెచ్చి చూశాను. నిజమే, అది చాలలేదు. కొత్త దారం పొడుగు.

“మాస్టారూ!”

ఆయన దారాలు రెండూ లాక్కుని పక్కపక్కన పట్టుకుని చూశారు. తరవాత తనే టేపు వేసుకున్నారు. బుగ్గలు కూడా నిండినట్టే ఉన్నాయి. ముఖానికి రంగు వచ్చింది. “ఒళ్ళు పడుతోందే,” అన్నారు, చిన్నగా, ఎవరైనా వింటే పోతుందేమో అన్నట్టు. కోటు తొడిగాం. హుక్కు పడలేదు. హుక్కు పడలేదని ఆ ఇంట్లో సంతోషించడం అదే మొదటిసారి.

ఆత్సుయ్‌కి తెలిసేసరికి చేమదుంపలు వేసి కోడి ఉడికించి గిన్నెతో తెచ్చింది.

“నే చెప్పలా? అధిక మాసం ఊరికే పోతుందా! అక్కా, ఒక పిల్లిని చూడు.”

ఆయన ఆ రోజు గిన్నె సగం తిన్నారు. వసంతం వస్తే షాంఘై వెళ్దామన్నారు. ఆ మిల్లు లేకపోతే మరో మిల్లు. “కాలరుకు జానెడు గుడ్డ దొరకదా ఈ దేశంలో? మడత ఉంచుతానంటే నేనే కోయించాను, ముసలి గాడిదని,” అని తననే తిట్టుకున్నారు. తిట్టుకుంటూ నవ్వారు. అలా నవ్వగా చూసి ఎన్నాళ్ళో అయింది.

మర్నాడు దగ్గుమందు కోసం ఊరి ఆసుపత్రికి వెళ్ళి, డాక్టరమ్మకు ఈ కబురు నేనే చెప్పాను. ఆ పిల్ల రాస్తున్నది ఆపింది.

“మెడ ఒక్కటేనా పిన్నీ, ముఖం కూడా నిండిందా?”

“ముఖం కూడా.”

“పొద్దున లేచేసరికి ఎక్కువగా ఉంటుందా?”

“అవునమ్మా, పొద్దున్నే భలే నిండుగా ఉంటారు.”

“మెడ మీద, ఛాతీ మీద నరాలు తేలాయా?”

“తేలాయి.”

అన్నిటికీ అవుననే చెప్పాను. అడిగినవన్నీ మా ఇంట్లో ఉన్నాయన్న సంబరం నాది. ఆమె నా చేయి పట్టుకుంది.

“అది ఒళ్ళు కాదు పిన్నీ. గడ్డ పెరిగి, పైనుంచి గుండెకు దిగే రక్తాన్ని నొక్కేస్తోంది. దిగే దారి లేక నెత్తురు మెడలో, ముఖంలో నిలిచిపోతోంది. ఇంక ఎక్కువ రోజులు...” అని ఆగింది.

ఇంటికి వెళ్ళి, దగ్గుమందు మార్చిందని చెప్పాను. ఆయన తల ఊపి, తరవాతి కోటుకు చంక ఎలా కోయాలో చెప్పడం మొదలుపెట్టారు. నేను పొయ్యి దగ్గర కూర్చుని జావ కలుపుతూ విన్నాను. అడుగంటింది.

నాలుగైదు రోజులు గడిచాయో లేదో, పెరట్లో బట్టలు ఆరేసి వచ్చేసరికి ఆయన మంచం మీద కూర్చుని టేపు పట్టుకుని ఉన్నారు. చొక్కా విప్పేశారు. మెడ కాదు, మణికట్టు కొలుస్తున్నారు. తరవాత నడుము. తరవాత తొడ. తొడ చుట్టూ తిప్పిన టేపులో ఎంతో మిగిలిపోయింది. దాన్ని వేలికి చుట్టుకుంటూ ఉండిపోయారు.

“యిన్‌దీ,” అని నన్ను పేరు పెట్టి పిలిచారు. “ఇంతకాలం మనం మెడ ఒక్కటే కొలిచాం.”

“మాస్టారూ, చలి, చొక్కా వేసుకోండి.”

“ఎంతమందికి కుట్టుంటాను నేను? మెడ పెరిగి నడుము తగ్గే మనిషికి మాత్రం ఇంతవరకూ కుట్టలేదు.” నా ముఖం కేసి చూశారు. “డాక్టరు పిల్ల చెప్పిందా?”

నేను చొక్కా తీసి ఆయన భుజాల మీద కప్పాను. ఆయన టేపును చుట్టి, తలగడ పక్కన పెట్టారు. ఆ తరవాత దాన్ని ముట్టుకోలేదు. షాంఘై మాట కూడా ఎత్తలేదు. రోజంతా గోడనున్న కోటునే చూస్తూ పడుకున్నారు. సాయంత్రం మాత్రం, “మడత ఉంచుతానన్నావు,” అన్నారు. తప్పు పట్టినట్టు కాదు. అన్నారంతే.

నేను చేయని ప్రయత్నం లేదు. ప్యాంటు అంచు విప్పి చూశాను. అక్కడా ఆయన మడత ఉంచనివ్వలేదు. ఆత్సుయ్‌ని వెంటబెట్టుకుని బట్టల బజారంతా తిరిగాను. ఆ నీలం లేదు. ఉన్న నీలాలు పక్కన పెడితే వెలిసిపోయినట్టున్నాయి. ఒక దుకాణం కుర్రాడు, “ఎవరు చూస్తారు అత్తా, కాలరేగా, కాస్త తేడా ఉంటే ఏం?” అన్నాడు. ఆత్సుయ్ వాడిని దులిపేసింది. దులిపి, వీధిలోకొచ్చి ఏడ్చింది. అది ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి.

పన్నెండో నెలలో ఒకరోజు పొద్దున్నే పోయారు. ఊపిరాడక రెండు రోజులు కూర్చునే ఉన్నారు. పడుకోబెడితే కళ్ళు తేలేసేవారు. చివరికి కూర్చున్నట్టే నా భుజం మీద తల పెట్టారు. మెడ ఇంకా ఉబ్బే ఉంది, వేడిగా.

శవానికి బట్టలు తొడిగే పెద్దాయన వచ్చి స్నానం చేయించాడు. ప్యాంటు నడుము దగ్గర సంచిలా జారింది. దాన్ని తాడుతో బిగించాడు. కోటు తొడిగాడు. గుండీలన్నీ పడ్డాయి. ఛాతీ మీద గుడ్డ వదులుగా నిలిచింది. హుక్కు దగ్గరికి వచ్చేసరికి రెండు కొసల మధ్య మూడు వేళ్ళ ఎడం. లాగాడు. కాలరు మెడలోకి దిగబడింది, హుక్కు అందలేదు.

“వదిలెయ్యమ్మా. పైన దుప్పటి గడ్డం దాకా లాగుతాంగా. ఎవరికి కనబడుతుంది?”

“ఆయన్ని బోర్లా తిప్పండి,” అన్నాను.

“ఏమిటీ?”

“తిప్పండి బాబాయ్.”

ఆత్సుయ్ నా చేతిలో కత్తెర చూసింది. “అక్కా, వద్దే. వీపు కోయకు. బావ వీపు మీద కుట్టే పడనిచ్చేవాడు కాదు.” నా మణికట్టు పట్టుకుంది. కాసేపు పట్టుకుని వదిలేసింది.

ఆయన కత్తెరే అది. కాలరు మధ్యలో పెట్టి నొక్కాను. గంజి పట్టిన పొరలు గట్టిగా ఉన్నాయి, రెండు చేతులూ వాడాల్సి వచ్చింది. కాలరు తెగాక కత్తెర తేలిగ్గా సాగింది. మెడ కింద నుంచి, ఆ ఒకే ముక్క వీపు మీదుగా, నడుము దాకా కోశాను. గీత గీసుకోలేదు. అయినా తిన్నగానే వచ్చింది.

మళ్ళీ వెల్లకిలా తిప్పారు. వెనక కోత విచ్చుకుంది. హుక్కు పెట్టాను. పడింది. గొంతు దగ్గర వేలు పెట్టి చూశాను. ఒకటి దూరింది.

వచ్చినవాళ్ళంతా చూశారు. కోటు ఎంత బాగా కుదిరిందో అన్నారు. ఆత్సుయ్ ఎవరికీ ఏమీ చెప్పలేదు.

శవపెట్టెలోకి దింపేముందు ఆయన వీపు కింద చేయి పెట్టి, కోసిన అంచును బొటనవేలితో రుద్దాను. గట్టిగానే రుద్దాను. ఒక్క పోగు కూడా ఊడలేదు.