గుంటలో బంగారు తీగ

గురజాలలో పశువుల దాణా కొట్టు నడిపే సీతారామాంజనేయులు శెట్టికి చేపలంటే ప్రాణం. తినడానికి కాదు. ఆయన ఇంట్లో కోడిగుడ్డు పేరు కూడా ఎవరూ పైకి అనరు. ఆయన ఇష్టమల్లా వాటిని పట్టడం మీదే. ఈ సంగతి ఊరి బయట నాపరాళ్ళ గుంట చుట్టూ గాలాలు వేసుకుని కూర్చునే ప్రతివాడికీ తెలుసు. ఇంట్లోవాళ్ళ లెక్కలో మాత్రం ఆయన రోజూ పొద్దున్నే వాకింగుకి వెళతాడు, స్కూటరు మీద.

ఆ గుంట మొదట గుంట కాదు, క్వారీ. ఆ చుట్టుపక్కల ఇళ్ళలో కాళ్ళ కింద పరిచిన నాపరాళ్ళలో సగం అక్కణ్ణించి లేచినవే. రాయిని పొరలు పొరలుగా తీసుకుంటూ పోయారు కాబట్టి లోపలంతా మెట్లు మెట్లుగా దిగేది. ఒకరోజు తూటాలు పేలిస్తే అడుగున ఊట పడింది. కూలీలు గునపాలు ఏరుకునేలోపే నీళ్ళు మోకాళ్ళకి వచ్చేశాయి. మోటార్లు పెట్టి తోడారు. తోడినకొద్దీ ఊరింది. చివరికి కాంట్రాక్టరుకి విసుగొచ్చి, రాళ్ళు లాగే ఇనప బండిని కూడా నీళ్ళలోనే వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ రోజు అందరికంటే చివర పైకొచ్చినవాడు మేస్త్రీ జమాల్. పని పోయింది కానీ ఆ చోటు వదల్లేక, ఆయన భార్య సుల్తానా గట్టు మీద రేకుల పందిరి వేసి టీ కొట్టు పెట్టింది.

చేపలు వచ్చింది ఆ తరవాతి ఎండాకాలంలో. సాగర్ వైపు చేపపిల్లల్ని తీసుకువెళుతున్న చిన్న లారీ ఒకటి సరిగ్గా క్వారీ ఎదుట ఆగిపోయింది. డ్రైవరు పేరు త్రికోటేశ్వరరావు, కోటప్పకొండ కింది ఊరివాడు. మెకానిక్కు వచ్చేసరికి సాయంత్రమవుతుందన్నారు. గాలి నింపిన ప్లాస్టిక్ సంచుల్లో పిల్లలు వేడికి పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. అతను కాసేపు అటూ ఇటూ తిరిగాడు. తరవాత జమాల్ని సాయం పిలిచి, సంచులన్నీ మోసుకెళ్ళి క్వారీ నీళ్ళలో విప్పేశాడు.

"ఓనరు తిడితే తిట్టనీ సాయిబూ. వీటి ఉసురు నాకొద్దు" అన్నాడట. టీ తాగి లేచేటప్పుడు ఇంకో మాట కూడా అన్నాడట. "పెద్దయినాక పట్టుకోండి, తినండి. మొదట పడ్డదాన్ని మాత్రం గుంటకి వదిలెయ్యండి."

ఆ మాటే అక్కడ చట్టమైంది. మొదటిది గుంటది. ఎవరు వచ్చినా, ఏ ఊరినుంచి వచ్చినా, ఆ రోజు తమ గాలానికి పడ్డ మొదటి చేపని నీళ్ళలో వదిలాకే రెండోదానికి ఎర గుచ్చాలి.

వలలు వేసి చూసినవాళ్ళు లేకపోలేదు. రాతి మెట్ల అంచులకి, మునిగిన బండి చక్రాలకి తగులుకుని ప్రతి వలా పీలికలై పైకొచ్చింది. అందుకని ఆ గుంటలో గాలం తప్ప ఇంకేదీ చెల్లలేదు. చేపలు నిశ్చింతగా పెరిగాయి. బొచ్చెలు, శీలావతులు, అన్నిటినీ మించి బంగారు తీగలు. బంగారు తీగంటే తీగా కాదు, బంగారమూ కాదు. పసుపు తిరిగిన పెద్ద పెద్ద పొలుసులతో, మూతి పక్కన రెండు బుల్లి మీసాలతో ఉండే చేప. వాటిల్లో ఒకటుంది. తోక పైకొస తెగి ఉంటుంది. పట్టినవాడల్లా దారం తెంపించుకున్నవాడే. చిలకలూరిపేట నుంచి మిల్లు ఉద్యోగులు, ముప్పాళ్ళ నుంచి రైతులు ఆదివారాలు దానికోసమే వస్తారు. గుంటలో బంగారు తీగలు ఎన్ని ఉన్నా, "బంగారు తీగ బయటికొచ్చింది" అంటే మాత్రం ఆ ఒక్కటే. దాని పొడవు ఎంతంటే, జమాల్ చెప్పేటప్పుడు ఆయన చేతులు ఎంత సాగితే అంత.

సీతారామాంజనేయులు మొదటిసారి అక్కడికి వెళ్ళింది కుతూహలం కొద్దీ. పశువుల్లేని మనిషి ఒకడు కొట్టుకి వచ్చి రోజూ కాస్తంత వేరుశనగ చెక్క ఎందుకు కొంటున్నాడా అని వెంట వెళ్ళి చూశాడు. ఆ మనిషి జమాల్. చెక్కనీ తవుడునీ కలిపి ముద్ద చేసి గాలానికి గుచ్చాడు. దారానికి కట్టిన బెండు నీళ్ళ మీద కదలకుండా నిలబడింది. ఉన్నట్టుండి ఒక్కసారి తల ఊపింది, మునిగింది. ఆ మునగడంతో శెట్టిగారి పని అయిపోయింది.

మొదటిది గుంటదన్న చట్టం ఆయనకు దేవుడిచ్చిన సౌకర్యంలా కనబడింది. ఒక్కటి పడితే వదిలేసి, గాలం చుట్టేసి ఇంటికి వెళ్ళిపోతాడు. రెండోదాని జోలికి పోడు. గుంట సొమ్ము గుంటకే ఇచ్చేవాడికి పాపం ఎక్కడిది? నరసరావుపేటలో బీకాం చదివినందుకు ఆ మాత్రం లెక్క తెలియదా?

"మూతికి బొక్కపెట్టి, పో నాయనా అని పంపించి, పుణ్యం వచ్చిందంటాడు మా శెట్టి" అని జమాల్ దెప్పుతుంటాడు. "నీ చెక్క ముద్దలు తిని మా చేపలు గూడా శాకాహారం పట్టినయ్. వానపాముని చూస్తే మూతి తిప్పుకుంటన్నయ్."

భార్య రమణమ్మ పోయాక ఆ పొద్దుటి పూట ఆయనకు ఇంకా దగ్గరైంది. ఇంట్లో, కొట్లో అందరూ ఆయనతో గొంతు తగ్గించి మాట్లాడేవారు. తిన్నారా, నిద్ర పట్టిందా అని అడిగేవారు. గుంట దగ్గర ఎవరూ ఏమీ అడగలేదు. దినకర్మలయ్యాక మొదటిసారి వెళ్ళిన రోజున జమాల్ కాస్త పక్కకి జరిగి రాయి మీద చోటిచ్చాడు. సుల్తానా అడక్కుండానే టీలో అల్లం ఎక్కువ వేసింది. కాసేపటికి జమాల్, "బెండు సరిగ్గా కట్టుకో, ఆడపెళ్ళివారి మాదిరి వంగి వంగి దండాలు పెడతంది" అని తిట్టాడు. ఎన్నో రోజుల తరవాత ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

అందుకే ఆయన భయమంతా కొడుకు యోగేశ్ గురించి కాదు, కోడలు అపర్ణ గురించి. చిలకలూరిపేట పిల్ల, శుక్రవారం నియమాలన్నీ అత్తగారి దగ్గర నేర్చుకుంది. పూజగదిలో గంట మోగించే చేతులే చేప నోట్లోంచి కొక్కెం తీస్తాయని తెలిస్తే ఆమె అరవదు. మౌనంగా ఉండిపోతుంది. ఆ మౌనాన్ని ఆయన భరించలేడు, తనంతట తనే మానేయాల్సి వస్తుంది. మానేస్తే పొద్దున లేవడం దేనికో ఆయనకు తెలియదు.

ఆ ఆదివారం ఆయన తులసికి నీళ్ళు పోసి లోపలికి వచ్చేసరికి అపర్ణ ఆయన ఫోను పట్టుకుని నిలబడి ఉంది.

"మామయ్యా, ఎవరో సుల్తానా అంట, ఫోను చేసింది."

"ఏమందమ్మా?"

"క్వారీలో బంగారు తీగ బయటికొచ్చిందంట. మీరు ఎన్నేళ్ళుగానో దానికోసం చూస్తన్నారంట. ఇంకొకళ్ళ చేతిలో పడకముందే రమ్మంది."

భయపడాల్సింది పోయి ఆయన ఒళ్ళు మరిచిపోయాడు. "నిజంగానా? పైకొచ్చిందా? ఎంతుందో చెప్పిందా?"

"చానా పెద్దదంది." అపర్ణ ఆయన మొహంలోకి వింతగా చూస్తోంది.

"అమ్మా, ఈ సంగతి బయట చెప్పమాక. యోగేశ్‌కి అసలు చెప్పమాక" అంటూనే ఆయన స్కూటరు తాళాలు తీసుకుని గడప దాటేశాడు. ఆ మాట కోడలి చెవికి ఎట్లా వినబడి ఉంటుందో ఆలోచించే తీరిక ఆయనకు లేదు.

గుంట దగ్గర జమాల్ చెయ్యెత్తి చూపించాడు. అవతలి గట్టు కింద, మునిగిన మెట్టు మీద, నీడలాంటి పొడుగాటి ఒళ్ళు మెల్లగా తిరుగుతోంది. మధ్య మధ్య ఎండ తగిలి పసుపు మెరుపు.

"నేను ముట్టుకోలా. నీకోసం ఆపినా" అన్నాడు జమాల్. "ఇంకా నిలబడతావేంది, ముద్ద చెయ్యి!"

సీతారామాంజనేయులు గబగబా ముద్ద చేశాడు, కొంచెం ఇంగువ కూడా కలిపాడు. గాలం పడింది. బెండు నిలబడింది. నీడ దగ్గరికి వచ్చింది, వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. బెండు ఊగలేదు, కదల్లేదు. ఎవరో కింద నుంచి చెయ్యి పెట్టి లాగేసుకున్నట్టు మాయమైంది.

రీలు కీచుమంటూ తిరిగింది. చుట్టూ ఉన్నవాళ్ళు తమ గాలాలు పైకి లేపేశారు. పెద్ద చేప పడ్డప్పుడు మిగతా దారాలు నీళ్ళలో ఉండకూడదు, చుట్టుకుపోతాయి. సీతారామాంజనేయులు లాగలేదు. దానికి కావలసినంత దారం వదులుతూ, ఆగినప్పుడు చుడుతూ, దానితోపాటు గట్టు మీద నడిచాడు.

సరిగ్గా అప్పుడే గట్టు పక్కన కారు ఆగింది. యోగేశ్ దిగాడు. వెనకే అపర్ణ.

"నాన్నా! వాళ్ళకి ఏమన్నా ఇచ్చేశారా?"

"ఎవరికిరా?"

"ఆ బంగారం వాళ్ళకి! క్వారీ తవ్వితే గుప్తనిధి దొరికిందని చెప్పి ఇత్తడి తీగలు అంటగడతన్నారు, పేపర్లో కూడా వేశారుగా! ఏది ఆ తీగ? ఎవడి దగ్గరుంది?"

గట్టు మీద ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందుగా సుల్తానాకి అర్థమైంది. కొంగు నోట్లో కుక్కుకుని పందిరి గుంజ పట్టుకుంది.

"నీళ్ళలో ఉంది బాబూ" అన్నాడు జమాల్, నవ్వు ఆపుకుంటూ. "మీ నాయన లాగతన్నాడు గదా!"

"నీళ్ళలో బంగారమేంటి?" అన్నాడు యోగేశ్. అప్పుడు వంగిన కర్ర చూశాడు. దాన్ని పట్టుకున్న చేతులు ఎవరివో చూశాడు.

సీతారామాంజనేయులు తల తిప్పలేదు. తిప్పితే అపర్ణ మొహం చూడాల్సి వస్తుంది. పక్కనుంచి జమాల్ మెల్లగా చెయ్యి చాపాడు.

"ఇటియ్యి శెట్టీ. నాదని చెప్తా. ఊరికే పట్టుకోమంటే పట్టుకున్నావని చెప్తా."

ఇవ్వచ్చు. ఇస్తే అంతా సర్దుకుంటుంది. రేపు మళ్ళీ వాకింగు, మళ్ళీ స్కూటరు. కానీ చేతులు మారేటప్పుడు దారం ఒక్కసారి బిగిస్తే చాలు, అది తెంపుకుని కొక్కెంతో సహా పోతుంది. ఆ కొక్కెం నోట్లో ఉండిపోయి దాని తిండి మాన్పిస్తుంది. ఆయన గాలం వేసింది దాన్ని అట్లా చేయడానికి కాదు.

"వద్దు జమాలూ" అన్నాడు. తరవాత అందరికీ వినబడేటట్టు అన్నాడు. "ఇది నా గాలమే యోగేశూ. రోజూ నేనొచ్చేది ఇక్కడికే."

చేప రెండుసార్లు లోతుకి పోయింది. చివరికి అలిసి, పక్కకి ఒరిగి, నీళ్ళలో ఉన్న మెట్టు మీదికి వచ్చింది. సీతారామాంజనేయులు పంచె మోకాళ్ళ పైకి కట్టుకుని నీళ్ళలోకి దిగాడు. జమాల్ చేతులు సాగినంత లేదు కానీ, ఆయన రెండు చేతుల మీదా పట్టనంత ఉంది. తోక పైకొస తెగి ఉంది. పై పెదవి మీద పాత గాయాల మచ్చలు. ఒక్కో మచ్చ ఒక్కో ఆదివారం. ఆయన కొక్కెం తీస్తుంటే అది కదలకుండా ఉండి, మీసాలు మాత్రం ఆడించింది.

"దాన్నేం చేస్తారు?" అపర్ణ గొంతు బాగా దగ్గర్నించి వినబడింది. చెప్పులు విడిచి, చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుని, ఆమె కూడా నీళ్ళ అంచుకి దిగింది.

"మొదటిది గుంటదమ్మా" అన్నాడు ఆయన.

రెండు చేతులూ నీళ్ళలో దించాడు. చేప కాసేపు ఆ చేతుల మీదే ఉంది. మొప్పలు రెండుసార్లు ఆడించి, తోక ఒక్కసారి విదిల్చి, మెట్లు మెట్లుగా చీకటిలోకి దిగిపోయింది.

ఆయన గట్టు మీద కూర్చున్నాడు. పంచె తడిసి ముద్దయింది. ఇక కోడలు మౌనంగా ఉండిపోతుందని ఎదురుచూశాడు.

"నాకు కొంచెం తెలుసు మామయ్యా" అంది అపర్ణ.

ఆయన తలెత్తాడు.

"అత్తయ్య పోయే ముందు చెప్పింది. 'మీ మామయ్య పొద్దున్నే ఎక్కడికెళతారో అడగమాక. వచ్చేసరికి పెరట్లో కుళాయి దగ్గర నిమ్మచెక్కలు పెట్టు, చేతులు రుద్దుకుంటారు' అంది. ఏదో చేపల యవ్వారమని వాసనకి నాకూ తెలిసింది. అడగలా. ఇవాళ బంగారం అనేసరికి భయమేసింది. చేపకి ఆ పేరేంది?"

కుళాయి పక్కన రోజూ ఉండే ఆ నిమ్మచెక్కలు రాగి చెంబులు తోమడానికి పెట్టినవని ఆయన ఇన్నేళ్ళూ అనుకున్నాడు. రమణమ్మ ఒక్కరోజు కూడా నోరు తెరిచి అనలేదు. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"అమ్మకి తెలుసా!" అని యోగేశ్ అక్కడే రాయి మీద చతికిలబడ్డాడు. "మన ఇంట్లో తెలియంది నాకొక్కడికేనా?"

"నీకు బంగారం సంగతి తెలుసుగా బాబూ, అది చాల్లే" అంది సుల్తానా. ఈసారి నవ్వు ఆపుకోలేదు. అందరికీ టీ పోసింది. అపర్ణ గ్లాసు అందుకుని, మామగారి పక్కన నాపరాయి మీద కూర్చుంది.

"స్నానం చేశాకే పూజగదిలోకి రావాలి మామయ్యా" అంది.

"అట్టాగేనమ్మా."

"ఆదివారాలు నన్ను కూడా తీసుకురావాలి."

ఆయన ఆశ్చర్యపోయి చూశాడు. ఆమె ఆయన వంక చూడడం లేదు. జమాల్ బెండు వంక చూస్తోంది. జమాల్ అవతలికి తిరిగి, చేప ఎంతుందో ఎవరికో చేతులు చాపి చూపిస్తున్నాడు. బెండు ఒకసారి తల ఊపింది.

"జమాల్ బాబాయ్!" అపర్ణ లేచి నిలబడింది. టీ ఒలికింది. "మునిగింది, మునిగింది! లాగవేంది, చూడవేం!"