నలభై ఒక్క తెలుపులు

రంగు డబ్బాను కుదిపే షేకర్లో పెట్టి, మెషీన్ తలుపును మోకాలితో మూసింది చుక్క. మెషీన్ గజగజా వణికింది. దాంతోపాటు కౌంటరూ, కౌంటరు మీది టీ గ్లాసూ, రెండిళ్ళ అవతల నిద్రపోయే ముసలాయన కట్టుడు పళ్ళూ వణుకుతాయని పెయింటర్లు చెప్పుకుంటారు.

ఆమె పేరు చుక్క కాదు. ఏ రంగు కలిపినా చివర్లో "ఇంకొక్క చుక్క" అంటుంది కాబట్టి ఆ పేరు స్థిరపడింది. అసలు పేరు ఫారాలు నింపేటప్పుడు మాత్రమే ఆమెకు గుర్తొస్తుంది.

మూత తీసి, పుల్లతో కాస్త రంగు అట్టముక్క మీద రాసి, జుట్టు ఆరబెట్టుకునే మెషీన్‌తో ఆరబెట్టింది. తడి రంగు మాట నమ్మకూడదు. ఆరాక చెప్పిందే నిజం. ఆ షాపులో తెలుపులే నలభై ఒకటి ఉన్నాయి. ముత్యం తెలుపు, సుద్ద తెలుపు, ఉప్పు తెలుపు, ఇలా. కళ్ళు మూసుకుని వాసనతో కూడా చెప్పగలదని యజమాని గొప్పలు పోతాడు. అది అబద్ధం. ముప్పై దాకా చెప్పగలదు, అంతే.

కౌంటరు అవతల ఒక పెయింటర్ ఫోన్లో ఎవరినో బతిమాలుకుంటున్నాడు. "సార్, నేనెక్కడికి పోతాను సార్? మీ పెరట్లో చూడండి, నా బ్రష్ నీళ్ళలోనే ఉంది!"

అవతలి గొంతు చల్లబడింది. పని అయిపోతే పెయింటర్ బ్రష్ కడిగి, కాగితంలో చుట్టి, సంచీలో వేసుకుపోతాడు. అవకపోతే నీళ్ళలో వదిలి వెళ్తాడు. నీళ్ళలో బ్రష్ ఉందంటే మనిషి తిరిగొస్తాడనే. ఇంతకుమించిన రాతకోతలు ఆ వృత్తిలో లేవు.

చుక్క మొగుడూ పెయింటరే. ఏడేళ్ళుగా దూరపు ఊళ్ళలో టవర్లకు రంగులేస్తున్నాడు. ఎరుపు, తెలుపు, మళ్ళీ ఎరుపు. రెండు నెలలకోసారి వచ్చి రెండు రోజులుండి పోతాడు. పోయేటప్పుడు ఇంట్లో ఏమీ వదలడు. చివరికి పళ్ళు తోముకునే బ్రష్ కూడా కడిగి, కాగితంలో చుట్టి, సంచీలో వేసుకుంటాడు. ఆమె ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. అందులో అనడానికేముంది?

పదకొండింటికి యజమాని దగ్గరికెళ్ళి, "వెళ్ళొస్తానండీ," అంది.

"జాగ్రత్తమ్మా," అన్నాడు ఆయన, ఆమె యుద్ధానికి వెళ్తున్నట్టు. పంతొమ్మిదేళ్ళలో ఆమె సెలవు పెట్టింది రెండే సార్లు. ఒకటి పెళ్ళికి. రెండోది పొరపాటున, శనివారాన్ని ఆదివారం అనుకుని. ఆ సిగ్గుతో ఆమె ఎంత కుంగిపోయిందంటే, యజమాని ఇంటికెళ్ళి ఓదార్చాల్సొచ్చింది.

ఈ మూడో సెలవుకు కారణం చేతిసంచీలో నాలుగు మడతలై ఉంది. ఆసుపత్రి ఉత్తరం. గర్భసంచి ముఖం నుంచి తీసిన స్మియర్ పరీక్షలో కొన్ని కణాలు మామూలుగా లేవనీ, కాల్పోస్కోపీకి రావాలనీ. 'మామూలుగా లేవు' అన్నచోట ఆమె ప్రతిసారీ ఆగిపోయింది. నలభై నాలుగేళ్ళలో ఆమెలో మామూలుగా లేనిది ఏదైనా ఉందని ఎవరైనా అనడం ఇదే మొదలు.

మొగుడికి చెప్పలేదు. టవర్ మీదున్న మనిషికి కాళ్ళు వణికే వార్త చెప్పకూడదు. ఆదివారం ఫోన్లో మాత్రం, "గురువారం ఒక పూట సెలవు పెట్టాను," అంది. ఎందుకన్నాడు. ఊరికేనంది. అటువైపు గాలి హోరులోంచి అతను మళ్ళీ ఎందుకనే అడిగాడు.

ఆసుపత్రి గదిలో నర్సు దుప్పటి అందిస్తూ చెప్పింది. "నడుము కిందవి తీసేసి పడుకోండమ్మా. ఇదిగో, ఈ మెషీన్ మీ లోపలికేం రాదు. బయట నిలబడి పెద్దదిగా చేసి చూస్తుంది, అంతే. కిటికీలోంచి తొంగిచూసే పక్కింటావిడ టైపు."

"మరి లోపలికొచ్చేది?"

"స్మియర్‌కి పెట్టిందే. గర్భసంచి ముఖం కనబడాలిగా. ముందు వెనిగర్‌లాంటి మందు రాస్తారు, కాస్త చురుక్కుమంటుంది. తేడా ఉన్నచోట తెల్లబడుతుంది. తర్వాత అయోడిన్. కావాలంటే నువ్వుగింజంత ముక్క తీసి ల్యాబుకి పంపిస్తారు."

"పెచ్చు గోకి, లోపల తడుందేమో చూస్తాం గోడకి. అట్లాగే అనమాట."

"అట్లాగే. మీరే చేసేసుకునేట్టున్నారే!"

కాళ్ళు రెండూ బల్లకి అటూ ఇటూ ఉన్న ఆసరాల మీద పెట్టి చుక్క పైకప్పు చూసింది. రంగు రెండు కోట్లు వేయాల్సినచోట ఒకటితో సరిపెట్టారు. ఉప్పు తెలుపు.

"చెయ్యి పట్టుకోనా?" అంది నర్సు.

"వద్దులేమ్మా." ఆమెకు కావలసిన చెయ్యి గోళ్ళలో ఎర్రరంగు ఇరుక్కుని, ఎక్కడో నలభై మీటర్ల ఎత్తున ఇనప కమ్మీ పట్టుకుని ఉంటుంది. ఆమె దుప్పటి అంచు పట్టుకుంది.

డాక్టరమ్మ వచ్చి ఆ వెనిగర్‌లాంటి మందు రాసింది. చల్లగా, తర్వాత చురుక్కున. పక్కన తెర మీద గులాబీరంగు గుండ్రం కనబడింది. చూడకూడదనుకుంటూనే చుక్క చూసింది. ఒక పక్కన, మెల్లగా, ఆరుతున్న రంగులా తెల్లమచ్చ తేలింది.

"అదేనా?"

"అదే."

చుక్క కళ్ళు చిట్లించింది. "సుద్ద తెలుపు కాదండీ అది. ముత్యం. నీళ్ళెక్కువైన ముత్యం, ఒక్క కోటు."

డాక్టరమ్మ చెయ్యి ఆగింది. పదేళ్ళలో ఆ తెర చూసి షేడు చెప్పిన మనిషి లేదు. "పలచగా ఉంటే ఒకందుకు నయమేనమ్మా. చిక్కగా, అంచు గట్టిగా ఉంటేనే మాకు ఎక్కువ బెంగ. కానీ కంటితో తేల్చలేం. ల్యాబ్ చెప్పాలి."

"ఆరాకగానీ తెలీదంటారు."

"రెండు వారాలు. ఇప్పుడు ముక్క తీస్తాను, గట్టిగా దగ్గండి."

దగ్గింది. లోపల గిల్లినట్టయింది, పొత్తికడుపు మెలిపెట్టింది. పావుగంటలో అంతా అయిపోయింది.

నర్సు ప్యాడ్ ఇచ్చి అప్పగింతలు పెట్టింది. కొన్నాళ్ళు కాస్త మరక కనిపిస్తుంది, మందు వల్ల ముదురు గోధుమరంగులో. రక్తం బాగా పోయినా, జ్వరం వచ్చినా వెంటనే రావాలి. "మరక ఆగేదాకా మొగుడికి దూరంగా ఉండాలి, సరేనా?"

"ఏడేళ్ళ నుంచీ అదే పనిలో ఉన్నాలేమ్మా," అంది చుక్క. నర్సు నవ్వింది. చుక్క కూడా నవ్వింది, కొంచెం ఆలస్యంగా.

బయటికొస్తే వరండా బెంచీ మీద ఒక మనిషి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. చెవి మీద ఎర్రచుక్కలు, కనుబొమ్మ మీద తెల్లచుక్కలు. టవర్ ఒకటి వంగి కూర్చున్నట్టున్నాడు.

"నువ్వెక్కడ ఊడిపడ్డావయ్యా!"

మొగుడు కళ్ళు తెరిచాడు. "నువ్వు సెలవు పెట్టావంటే, ఊరికేనా? రాత్రంతా బస్సులో నుంచునే వచ్చా. మీ షాపాయన ఇక్కడికి పంపాడు." లేచాడు. "ఏమైంది?" అన్నాడు.

చెప్పింది. తెల్లమచ్చ తేలిందనీ, ముక్క తీశారనీ.

అతనికి తెలుపంటే ఒకటే. నలభై ఒక్క తెలుపులనేవి కంపెనీలు చేసే మోసమని పదిహేడేళ్ళ కాపురంలో వాదిస్తూనే ఉన్నాడు. ఇప్పుడు అతనే అడిగాడు.

"ఏ తెలుపు?"

చుక్కకు అప్పుడు ఏడుపొచ్చింది.

ఇంట్లో మంచానికి ఎదురుగా ఒక గోడ బోసిగా ఉంటుంది. ఏడేళ్ళ కిందట చెమ్మ దిగితే కొత్తగా పూత పూయించారు. "రంగు నేనొచ్చి వేస్తా. ఇంకెవడి చెయ్యీ పడకూడదు," అన్నాడు అతను. ఆమె ఏటా ఒక డబ్బా కలిపి మంచం కింద పెడుతుంది. తెలుపులో మూడు చుక్కల పసుపు. ఏటా అది గట్టిపడితే పారేసి మళ్ళీ కలుపుతుంది. పెయింటర్ మొగుడూ, రంగులు కలిపే పెళ్ళామూ ఉన్న ఇంట్లో రంగులేని గోడ! వీధిలో వాళ్ళు దాన్ని వింతగా చూసిపోయేవారు.

ఇంటికొచ్చాక వేడినీళ్ళ సంచీ పొట్ట మీద పెట్టుకుని ఆమె నిద్రపోయింది. రంగు వాసనకు మెలకువ వచ్చింది. సాయంత్రం అయిదున్నర. గోడ పై సగం వెచ్చటి తెలుపుతో వెలుగుతోంది. కింది సగం బోసిగానే ఉంది.

అతను చేతులు తుడుచుకుంటున్నాడు. "ఆరింటికే బస్సు. రేపు పొద్దున్న టవర్ ఎక్కకపోతే ఊరుకోరు."

"సగమే వేశావు."

"టైము చాల్లేదు."

ఆ గోడంతా కలిపి అతనికి ముప్పావుగంట పని. చేతిలో మూడు గంటలున్నాయి. ఆమె అతని మొహంలోకి చూసింది. అతను గోడలోకి చూశాడు.

"రెండు వారాలన్నారుగా?" అన్నాడు చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ.

"ఊఁ."

"బరువులెత్తకు." ఆమె భుజం మీద చెయ్యి వేసి, దానికి తడిరంగుందని గుర్తొచ్చి తీసేశాడు. సందు చివర తిరిగేదాకా అతని సంచీ కనబడింది.

తలుపు వేసి, ప్రతిసారిలాగే అతను పట్టుకుపోయినవి లెక్క చూసుకుంది. టోపీ లేదు. తువ్వాలు లేదు. పళ్ళు తోముకునే బ్రష్ లేదు.

మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళింది. కిటికీ గట్టు మీద, స్నానాల మగ్గులో, సగం దాకా నీళ్ళు. అందులో ఒక పక్కకి వాలి, అరిగిన కర్ర పిడితో రెండంగుళాల బ్రష్. దాని కుచ్చులోంచి తెలుపు సన్నని దారంలా ఇంకా నీళ్ళలోకి దిగుతూనే ఉంది.